రోల్ నంబరు, దాఖలా నంబరు

మా ఉర్దూ మీడియం బడిలో హాజరు పట్టీ అలిఫ్‌తో మొదలై యే దాకా పోయేది. అహ్మద్‌లు, అక్బర్‌లు, ఇక్బాల్‌లు పైన ఉండేవాళ్ళు. అబ్దుల్ అనే పేరుతో మొదలయ్యేవాళ్ళందరూ ఎక్కడో కింద, ఐన్ దగ్గర. చెవికి అహ్మద్‌లో ‘అ’, అబ్దుల్‌లో ‘అ’ ఒకటే. ఉర్దూ రాతలో మాత్రం ఆ రెండింటి మధ్య బోలెడన్ని హరఫ్‌లు అడ్డం. డిగ్రీకొచ్చి తెలుగు తీసుకున్నాక చూస్తే, అదే అబ్దుల్ హాజరు పట్టీలో అహ్మద్ కంటే ముందుకొచ్చి కూర్చున్నాడు. మనిషి అదే, పేరు అదే. లిపి మారింది, రోల్ నంబరు మారింది.

రోల్ నంబరు అసలే బేవఫా. ఏడాదికోసారి మారుతుంది. మధ్యలో ఒక పిల్లోడు బడి మానేస్తే వాడి కింద ఉన్నవాళ్ళందరూ ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. దాఖలా నంబరు అట్ల కాదు. బడిలో చేర్చుకున్న రోజు పెద్ద రిజిస్టర్‌లో మీ పేరు పక్కన పడిన నంబరు, మీరు ఫెయిలైనా, సెక్షన్ మారినా, బడే మానేసినా మీదే. టీసీ మీద కూడా అదే ఉంటుంది. మీరు వెళ్ళిపోయాక ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వరు. ఇరవై ఏళ్ళ తర్వాత వెళ్ళి నకలు అడిగితే క్లర్క్ సాబ్ వెతికేది ఆ నంబరుతోనే.

ఈ ఫరక్ తెలియక ఒక మొహల్లాలో ఎంత ఫసాదు అయిందో చెప్పడానికే ఇది రాస్తున్నా. కంప్యూటర్ సంగతులు కొన్ని వస్తాయి. భయపడకండి, పటేల్ పట్వారీల జమానా నుంచి మనకు తెలిసిన సంగతులే.

పాలమూరులో ఒక మొహల్లాలో చిన్న కమిటీ ఉంది. వడ్డీ లేకుండా అప్పులిస్తుంది, ఖర్జె హస్నా. పదివేలు ఇస్తే వారానికి ఐదొందల చొప్పున ఇరవై కిస్తీలు. తోపుడు బండివాళ్ళు, కుట్టుమిషన్‌వాళ్ళు, పిల్లల ఫీజు కోసం అడిగేవాళ్ళు. పేరు రాయను, వాళ్ళ నియ్యత్‌లో ఖోట్ లేదు. చాలా ఏళ్ళు నోటుబుక్కుల్లో నడిపారు. తర్వాత తెలిసిన ఒక అబ్బాయి చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. లాప్‌టాప్‌లో సభ్యుల టేబుల్ ఒకటి, కిస్తీల టేబుల్ ఒకటి. లోపల వాడింది ఎస్‌క్యూలైట్, మీ ఫోన్‌లో కూడా ఉండే డేటాబేసే.

మొన్న ఆ లాప్‌టాప్ మూలకు పడుతుందని తెలిసి, అబ్బాయి బ్యాకప్ తీసి కొత్తదాంట్లో ఎక్కించాడు. అన్నీ వచ్చాయి. మొదటి పది పేర్లు తెరిచి చూశాడు, లెక్క సరిగ్గా ఉంది. శుకర్ అనుకుని వెళ్ళిపోయాడు.

నెల తర్వాత ఒక ఖాలా కూతురి ఫీజు కోసం కొత్త ఖర్జ్ అడగడానికి వచ్చింది. బేవా మనిషి, బ్లౌజులు కుట్టి బతుకుతుంది. స్క్రీన్ మీద ఆమె పేరు ఎదురుగా మూడు కిస్తీలు బాకీ. పాత ఖర్జ్ తీరకుండా కొత్తది ఇవ్వరు, అది కమిటీ ఉసూల్. ఆమె అందరి ముందు నిలబడి అన్న మాట ఇది: “అరె బేటా, మై పైసే పూరే భరీ. రసీదాఁ భీ హై మేరే పాస్.” లెక్క రాసే ఆయన మెల్లగా, “ఖాలా, కంప్యూటర్‌లో ఇట్లనే చూపిస్తున్నది గదా” అన్నాడు.

ఈ ఒక్క మాట ఎంత మంది గరీబుల నోరు మూయించిందో నాకు తెలుసు. రేషన్ దుకాణం దగ్గర, పెన్షన్ కౌంటర్ దగ్గర, బ్యాంకులో విన్నాను. రిపోర్టర్‌గా ఎన్నిసార్లు రాశానో! కంప్యూటర్ చెప్పిందంటే గవాహీ అక్కర్లేదు. ఆమె ఇజ్జత్ ఒక టేబుల్‌లోని వరుస మీద ఆధారపడి ఉంది. ఆ వరుసకు పెట్టిన గుర్తు పక్కా కాదని అక్కడ ఎవరికీ తెలియదు.

నా పాత కథనాలను అలాంటి డేటాబేస్‌లోనే భద్రం చేసుకుంటాను కాబట్టి, కమిటీవాళ్ళు ‘జర్నలిస్ట్ భాయ్’ని ఒకసారి చూడమని పిలిచారు. రెండు టేబుళ్ళు తెరిచి చూస్తే సంగతి అరగంటలో తేలింది.

సభ్యుల టేబుల్‌లో పేరుంది, ఫోన్ ఉంది, ఇంటి నంబరు ఉంది. దాఖలా నంబరు లేదు. మరి కిస్తీ ఎవరిదో ఎలా గుర్తుపడుతోంది? ఎస్‌క్యూలైట్ మామూలుగా ప్రతి టేబుల్‌లో ప్రతి వరుసకూ తనంతట తానే ఒక నంబరు వేసుకుంటుంది. కంటికి కనబడదు, అడిగితే చెబుతుంది. దాన్ని రోఐడీ అంటారు. అబ్బాయి ఆ నంబరునే తీసుకుని కిస్తీల టేబుల్‌లో రాశాడు. 24వ వరుస ఖాలాది, కాబట్టి ఆమె కట్టిన ప్రతి కిస్తీ పక్కనా 24. రోజువారీ పనిలో ఏ తక్లీఫూ లేదు. లేకిన్ ఆ నంబరు దాఖలా నంబరు కాదు, రోల్ నంబరు. టేబుల్‌లో మీరు స్వయంగా ‘ఇంటిజర్ ప్రైమరీ కీ’ అని ఒక గడి పెట్టుకోకపోతే, ఆ రోఐడీని అలాగే నిలిపి ఉంచుతానని ఎస్‌క్యూలైట్ వాదా చేయదు. వాక్యూమ్ అనే సఫాయి ఆదేశం ఇచ్చినా అది మారిపోవచ్చు. డంప్ తీసి మళ్ళీ ఎక్కిస్తే వరుసలు కొత్తగా 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. ఆ నంబర్లను కూడా కాపాడాలంటే డంప్ తీసేటప్పుడే ‘ప్రిజర్వ్ రోఐడీస్’ అని విడిగా చెప్పాలి. అబ్బాయి చెప్పలేదు.

కమిటీలో ఇద్దరి వరుసలు అంతకుముందే తుడిచేశారు. ఒకరు గుజర్ గయే, ఒకరు ఊరు వదిలి ముంబై పోయారు. 17, 29 ఖాళీ. పాత లాప్‌టాప్‌లో ఆ ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. కొత్తదాంట్లో ఖాళీలు పోయి, 18 నుంచి 28 దాకా అందరూ ఒక మెట్టు, 30 తర్వాతవాళ్ళు రెండు మెట్లు పైకి జరిగారు. కిస్తీల్లోని నంబర్లు మాత్రం ఎక్కడివక్కడే. ఖాలా ఇప్పుడు 23. పాత 23వ మనిషి మూడు కిస్తీలు ఎగ్గొట్టాడు, ఆ బాకీ ఈమె నెత్తిన పడింది. ఈమె చెమటోడ్చి కట్టిన ఇరవై కిస్తీలు పక్కింటాయన ఖాతాలో చేరాయి. గుజర్ గయే మనిషి కట్టిన పైసలు కూడా బతికున్న ఇంకొకరి పేరు మీదికి వచ్చాయి. అబ్బాయి చూసిన మొదటి పది పేర్లూ 17కి ముందువి, అవి ఎలాగూ జరగలేదు!

ఇందులో నన్ను భయపెట్టింది ఒకటుంది. ఎక్కడా ఎర్రర్ రాలేదు. వరుస దొరక్కపోతే కంప్యూటర్ గోల చేస్తుంది, మనం చూస్తాం. ఇక్కడ వరుస దొరికింది, అది వేరే మనిషిది. కిస్తీలోని నంబరు సభ్యుల టేబుల్‌లో ఉండితీరాలనే కట్టుబాటును ఫారిన్ కీ అంటారు. ఎస్‌క్యూలైట్‌లో అది రోఐడీ మీద పెట్టుకోవడానికి వీల్లేదు, పేరున్న గడి మీదే పెట్టాలి. ఒకవేళ పెట్టగలిగినా ఇక్కడ ఫాయిదా సగమే. 24 ఉందా? ఉంది. ఎవరు ఆ 24? అది ఫారిన్ కీ అడగదు. ఆఖరి ఇద్దరు సభ్యుల కిస్తీలు మాత్రం ఏ వరుసకూ తగలక గాలిలో వేలాడాయి. స్క్రీన్ వాటిని చూపించకుండా మింగేసింది. కిస్తీల టేబుల్ మొత్తాన్ని, సభ్యులవారీగా వచ్చే మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా మొదటి రోజే బయటపడేది. అంతా వచ్చిందనడం వేరు, ఎవరిది వాళ్ళకు వచ్చిందనడం వేరు.

ఇది ఒక్క ఎస్‌క్యూలైట్ గుణమే కాదు. పోస్ట్‌గ్రెస్‌లో సీటీఐడీ అని ఉంది, వరుస డిస్కులో ఎక్కడ కూర్చుందో చెప్పే జాగా. ఆ వరుసలో ఏదో ఒకటి దిద్దితే చాలు, జాగా మారుతుంది. అదే పోస్ట్‌గ్రెస్‌లో పాతకాలంలో టేబుల్ వరుసలకు ఓఐడీ అని ఒకటి తగిలించుకునే వెసులుబాటు ఉండేది, దాన్ని 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో తీసేశారు. ఒరాకిల్ రోఐడీ కూడా ఎక్స్‌పోర్ట్ చేసి ఇంపోర్ట్ చేస్తే మారిపోవచ్చు. ఇవన్నీ మనిషి కూర్చున్న కుర్చీ నంబర్లు. బస్సు మారితే సీటు నంబరుతో మనిషిని పట్టుకోలేం కదా.

సరే, మరి పేరుతోనే గుర్తుపెట్టుకుంటే? కమిటీలో పెద్దాయన అదే అన్నారు: “నామ్ తో హై నా భాయ్, నంబర్ కాయకు?”

పేరు దగ్గరే నాకు పాత దర్ద్ ఉంది. ఉర్దూలో స శబ్దానికి మూడు హరఫ్‌లు, సే, సీన్, స్వాద్. జ శబ్దానికి జీమ్ కాక ఇంకో నాలుగు, జాల్, జే, జ్వాద్, జోయ్. తెలుగులోకి రాగానే అన్నీ ఒక స, ఒక జ. నజీర్ అనే పేరు తీసుకోండి. తొలి ఉర్దూ నవలాకారుడు డిప్యూటీ నజీర్ అహ్మద్ పేరులో ఉన్నది జాల్, మతలబ్ హెచ్చరించేవాడు. ఆగ్రా బజారు పాటల నజీర్ అక్బరాబాదీ పేరులో జోయ్, మతలబ్ సాటి, మిసాల్. ఉర్దూలో రెండూ వేర్వేరు పేర్లు. తెలుగులో రెండూ నజీర్. తెలుగు జాబితా నుంచి తిరిగి ఉర్దూ రాయమంటే, ఎవరి జ ఏదో ఎవడు చెప్పాలి? ఆ దారిలో వెనక్కి రాలేం.

అటునుంచి ఇటు ఇంకో చిక్కు. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, ఓటరు కార్డులో మొహమ్మద్, పాస్‌బుక్కులో పొట్టిగా ఎండీ. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఆడవాళ్ళకు పెళ్ళికి ముందు బీ, తర్వాత బేగం. కంటికి ఒకేలా కనిపించే అక్షరాలు కూడా లోపల వేరు కావచ్చు. యూనికోడ్‌లో అరబీ యేకి ఒక కోడ్, ఫార్సీ-ఉర్దూ యేకి మరో కోడ్, కాఫ్‌దీ అదే కథ. తెలుగులో ‘ఖాన్’ చివర కనబడని జోడింపు గుర్తు ఒకటి పడిందంటే, కంప్యూటర్ లెక్కలో ఆ ఖాన్ వేరు, గుర్తు లేని ఖాన్ వేరు. పేరు వెతకడానికి పనికొస్తుంది. గుర్తింపుకు పనికిరాదు.

ఫోన్ నంబరు? మనవాళ్ళు సిమ్ ఎంత తొందరగా మారుస్తారో మీకు తెలుసు. పైగా మూతపడిన నంబరును కొంతకాలం తర్వాత కంపెనీలు వేరేవాళ్ళకు ఇస్తాయి. ఇవాళ ఖాలాది, రేపు ఎవరో అజ్నబీది. ఇల్లు మొత్తానికి ఒక్క ఫోన్ ఉన్న ఘర్లు ఇంకా ఉన్నాయి. ఆధార్? పన్నెండు అంకెలు, మారదు, నిజమే. కానీ అది మనం ఇచ్చిన నంబరు కాదు. గల్లీలోని లాప్‌టాప్‌లో వందమంది ఆధార్ నంబర్లు పెట్టుకుని, అది దొంగల చేతిలో పడితే జవాబు ఎవరు చెబుతారు? వద్దని గట్టిగానే చెప్పాను. ఎవరి రికార్డుకు వాళ్ళే నంబరు ఇవ్వాలి, ఆ నంబరుకు మనిషి గురించి ఏ మతలబూ ఉండకూడదు. మతలబ్ ఉన్నదేదైనా ఏదో ఒక రోజు దిద్దాల్సి వస్తుంది.

అంటే వరుసగా 1, 2, 3 అని మనమే ఒక గడి పెట్టి ఇవ్వడం. అది బ్యాకప్‌లో డేటాతో పాటే పోతుంది, డేటాతో పాటే తిరిగొస్తుంది. మంచిదే. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఎస్‌క్యూలైట్‌లో ఆఖరి సభ్యుడు 60ని తుడిచేస్తే, తర్వాత వచ్చిన కొత్త మనిషికి మళ్ళీ 60 దొరుకుతుంది. అట్లా కాకూడదంటే ‘ఆటోఇంక్రిమెంట్’ అని రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 కంటే ముందు ఇన్నోడీబీ టేబుళ్ళలో ఈ లెక్క జ్ఞాపకంలోనే ఉండేది. సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెడితే ఉన్నవాటిలో పెద్ద నంబరు చూసుకుని దాని తర్వాతిది ఇచ్చేది, తుడిచేసిన ఆఖరి నంబర్లు మళ్ళీ బజారుకు వచ్చేవి. పోస్ట్‌గ్రెస్‌లో వరుసలు మాత్రమే ఎక్కించి లెక్కపెట్టే సీక్వెన్స్‌ను ముందుకు జరపడం మరిచిపోతే, కొత్త మనిషిని చేర్చేటప్పుడు ‘ఈ నంబరు ముందే ఉంది’ అని అరుస్తుంది. నాకు ఈ అరుపే ఇష్టం. గలత్ జరిగినప్పుడు అరిచే యంత్రం, చప్పుడు చేయకుండా ఒప్పుకునే యంత్రం కంటే వెయ్యి రెట్లు నయం.

తుడిచేయడం అనే ఆదత్ వదలమన్నాను. మన రెవెన్యూ దఫ్తర్‌లో దాఖల్ ఖారిజ్ అనే మాట ఉంది చూడండి. పాత పట్టాదారును ఖారిజ్ చేస్తారు, కొత్తవాళ్ళను దాఖల్ చేస్తారు. ఖారిజ్ అంటే చెరిపేయడం కాదు, ఖారిజ్ అని రాయడం. భూమి పంచుకుంటే 45వ సర్వే నంబరు 45/అ, 45/ఆ అవుతుంది. అంతేగానీ ఊరి పొలాలన్నిటికీ కొత్తగా ఒకటి నుంచి నంబర్లు వేయరు. లైబ్రరీ రిజిస్టర్‌లో కూడా కితాబు పోతే ఆ నంబరు ఎదురుగా ‘పోయినది’ అని రాసి వదిలేస్తారు. కాగితం మీద పని చేసినవాళ్ళకు ఈ తమీజ్ ఉంది. కంప్యూటర్ చేతికి రాగానే ఖాళీలు చూస్తే మనకేదో చిరాకు, నంబర్లు జరిపి సర్దేద్దాం అనిపిస్తుంది. ఖాళీ ఉండనివ్వండి. ఖాళీ కూడా రికార్డే.

ఇంకో సవాలు వచ్చింది. కమిటీ రెండో మొహల్లాలో కూడా మొదలుపెడుతోంది, అక్కడ వేరే లాప్‌టాప్. రెండుచోట్లా 61వ సభ్యుడు ఉంటే, కలిపే రోజు ఏం చేయాలి? దీనికి యూయూఐడీ అని ఒక ఇలాజ్ ఉంది. 128 బిట్ల నంబరు, రాస్తే అడ్డగీతలతో కలిపి 36 అక్షరాలు. నాలుగో రకంలో 122 బిట్లు అంధాధుంధ్‌గా వస్తాయి, కాబట్టి ఎవరినీ అడగకుండా ఎక్కడివాళ్ళు అక్కడ తయారుచేసుకోవచ్చు, రెండు ఒకటే అయ్యే అంతేషా లేనట్టే. 2024 మేలో వచ్చిన ప్రమాణంలో ఏడో రకం చేరింది. అందులో మొదటి 48 బిట్లు మిల్లీసెకన్లలో సమయం, అందుకని పుట్టిన వరుసలోనే సర్దుకుంటాయి. డేటాబేస్‌కు అదీ ఆరామ్. బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా, ఏ మిషన్‌లో ఎక్కించినా, ఎవరితో కలిపినా ఆ నంబరు మారదు.

లేకిన్ ఖాలా ఫోన్ చేసి 36 అక్షరాలు ఎట్లా చెబుతుంది? అందుకే రెండూ పెట్టించాను. లోపల టేబుళ్ళను కలిపేది యూయూఐడీ. పాస్‌బుక్కు మీద చిన్న నంబరు, మొహల్లా గుర్తు ఒక అంకె, వరుస నంబరు, చివర ఒక జాంచ్ అంకె. జాంచ్ అంకె కొత్త మాయ కాదు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ పద్ధతి బ్యాంకు కార్డుల మీద ఉన్నదే. ఒక్క అంకె తప్పు రాస్తే పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా పడుతుంది, 09, 90 అనే ఒక్క జంట తప్ప. ఆధార్ చివరి అంకెకు వాడే వెర్‌హోఫ్ పద్ధతి ఆ జంటను కూడా వదలదు. గల్లీ కమిటీకి లూన్ చాలు.

ఖాలా సంగతి. మరుసటి రోజు ఆమె బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చింది. అందులో ఇరవై రసీదులు, తారీఖు వారీగా, దారంతో కుట్టి. ప్రెస్‌లో అచ్చేసిన రసీదు పుస్తకాలు అవి, ప్రతి కాగితానికి పుస్తకం నంబరు, రసీదు నంబరు. సగం ముక్క కమిటీ దగ్గరే ఉంటుంది. నసీబు బాగుండి అబ్బాయి కిస్తీల టేబుల్‌లో రసీదు నంబరు కూడా ఒక గడిలో ఎక్కించాడు. ప్రెస్‌వాడు వేసిన ఆ నంబరుకు ఏ కంప్యూటర్ మార్పుతోనూ వాస్తా లేదు. ఇంక పని తేలికైంది, విసుగు మాత్రం బహుత్. ముగ్గురం మూడు రాత్రులు కూర్చుని, సగం ముక్కల మీద పేరు చూసి ఒక్కో కిస్తీకి అసలు మనిషిని పట్టుకున్నాం. మార్పిడి తర్వాత నెల రోజులు కొత్త నంబర్లతో రాసినవి కూడా అందులోనే కలిసి ఉన్నాయి. అంటే ఒకే 24, ఆ తారీఖుకు ముందు ఖాలా, తర్వాత పక్కింటాయన. తారీఖు చూసి విడదీయాల్సి వచ్చింది.

ఖాలాకు కొత్త ఖర్జ్ ఆ జుమ్మా రోజే ఇచ్చారు. పెద్దాయన మాఫీ అడిగితే ఆమె, “పహలే కంప్యూటర్‌కు పూఛో” అని నవ్వింది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం బ్యాకప్‌ను ఇంకో పాత లాప్‌టాప్‌లో ఎక్కించి చూస్తున్నారు. మొదటి పది పేర్లు కాదు, మధ్యలోంచి పది, ఆఖరివి పది. మొత్తం పైసలు రెండు రకాలుగా కూడతారు. ఇద్దరు సభ్యుల పాస్‌బుక్కులు తెప్పించి స్క్రీన్‌తో ముఖాబలా చేస్తారు. గంట పని.

రెండు కిస్తీలు మాత్రం తేలలేదు. రెండూ మార్పిడి జరిగిన రోజు తారీఖువే. లాప్‌టాప్ మారకముందు రాశారో, మారాక రాశారో టేబుల్‌లో టైము లేదు, ఆ రోజు సగం ముక్కలు వానకు తడిసి చదవడానికి రావడం లేదు. వెయ్యి రూపాయలు. వాటికి ఎవరి నంబరూ తగిలించకుండా ‘మాలిక్ తెలియదు’ అని రాసి పెట్టించాను. నలుగురు ఇళ్ళల్లో రసీదులు వెతుకుతున్నారు.